ఫైటర్ చేప దిష్టికి చావదు

ఇంట్లో పెంచుకునే చేప చచ్చిపోతే మన దగ్గర ముందుగా వినిపించే మాట ఒకటుంది. "ఇంటికి రావాల్సిన కీడు అది ఎత్తుకపోయిందిలే." మా అవుకులోనే కాదు, బనగానపల్లెలో, నంద్యాలలో, ఆళ్లగడ్డలో ఎక్కడ విన్నా ఇదే మాట. దాని వెనకే రెండోది వస్తుంది. "యాడ్వద్దు నాయనా, ఐతారం నంద్యాలకు పోయి ఇంకోటి తెచ్చుకుందాం." ఈ రెండూ అనేది మనల్ని ప్రేమించేవాళ్లే. జేజి అంటుంది, మేనమామ అంటాడు, పక్కింటి అక్క అంటుంది. వాళ్ల మనసును నేను తప్పుపట్టను. కానీ ఆ మాటను మాత్రం గట్టిగా ఖండించాల్సిందే. అది చావుకున్న అసలు కారణాన్ని కప్పేస్తుంది. ఏడుస్తున్న పిల్లవాడికి ఏడ్చే హక్కు లేదంటుంది. ఆ తర్వాత రెండో చేపను తెచ్చి, మొదటిది చచ్చిన నీళ్లలోనే వేయిస్తుంది.

చేపంటే ఇక్కడ ఫైటర్ చేప సంగతే చెబుతున్నాను. పిల్లలు అడగ్గానే పెద్దవాళ్లు ఒప్పుకునేది దానికే. ధర తక్కువ. గాలి మోటారు అక్కర్లేదంటారు, తొట్టి అక్కర్లేదంటారు. హార్లిక్స్ సీసాలోనైనా బతుకుతుందని చెప్పి, మూతపెట్టిన ప్లాస్టిక్ గ్లాసులో పోసి చేతికిస్తారు. పొడవాటి రెక్కలు, నీలమో ఎరుపో నిండైన రంగు. నాలుగు రోజుల్లో మనిషిని గుర్తుపట్టినట్టు గాజు దగ్గరికి వస్తుంది. వేలు కదిలిస్తే వెంట తిరుగుతుంది. పిల్లవాడు పేరు పెడతాడు. ఆర్నెల్లకో, కొన్నిసార్లు ఆరు వారాలకో, ఒక పొద్దున అది అడుగున పడుకొని ఉంటుంది. రెక్కలు ముడుచుకుపోయి, రంగు వెలిసి, తిండి ముట్టదు. మరుసటి రోజుకు పోతుంది. "ఉన్నట్టుండి పోయింది" అంటారు అందరూ.

ఉన్నట్టుండి పోలేదు. దిష్టి మాట నిలబడేదే ఈ "ఉన్నట్టుండి" మీద. కారణం కనబడని చావుకు మనిషి కారణం కల్పిస్తాడు. కనబడితే కల్పించాల్సిన పని ఉండదు. కనుక ముందు కారణం చూద్దాం.

ఫైటర్ చేప పుట్టిల్లు థాయిలాండ్. అక్కడి వరిమళ్లు, కాలువలు, మడుగులు దాని నివాసం. శాస్త్రనామం బెట్టా స్ప్లెండెన్స్. 2019లో థాయిలాండ్ దాన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. మనుషులు దాన్ని కనీసం వెయ్యేళ్లుగా పెంచుతున్నారని 2022లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది. దాని తలలో, మొప్పల పైన, లాబిరింత్ అనే అవయవం ఉంటుంది. దానితో పైకి వచ్చి నేరుగా గాలి పీలుస్తుంది. మన కొరమీను, మట్టగిడస కూడా గాలి పీల్చే చేపలే, బురదలోనూ కొంతకాలం నిలుస్తాయి. "సీసాలోనైనా బతుకుతుంది" అనే అమ్మకపు మాటకు ఆధారం ఈ ఒక్క అవయవమే.

ఆ అవయవం చేసే పని ఊపిరి వరకే. నీళ్లలో ప్రాణవాయువు తగ్గినా అది పైగాలితో తట్టుకుంటుంది, నిజమే. కానీ చేప విసర్జించే అమ్మోనియా నీళ్లలోనే ఉంటుంది. చాలావరకు మొప్పల గుండానే బయటికి వస్తుంది. తినగా మిగిలిన గింజలు, మలం కుళ్లి ఇంకొంత కలుస్తుంది. ఆ నీళ్లు దాని మొప్పల్ని, చర్మాన్ని, రెక్కల అంచుల్ని రాత్రింబవళ్లు కాలుస్తుంటాయి. గాలి పీల్చుకోగలిగినంత మాత్రాన చేప తను మునిగి ఉన్న నీళ్ల నుంచి తప్పించుకోలేదు. పైగా గాలి పీల్చే గుణం దాని బాధను పొడిగిస్తుంది. వేరే చేప ఒకటి రెండు రోజుల్లో పోయేచోట ఇది వారాల తరబడి లాగుతుంది. ఓర్చుకోవడాన్ని మనం సుఖపడటం అనుకుంటున్నాం.

వరిమళ్లలో, చిన్న గుంటల్లో బతికే చేపే కదా అని కొందరు వాదిస్తారు. వరిమడి లోతు తక్కువే గానీ వెడల్పు తక్కువ కాదు. ఎకరాల కొద్దీ నీరు, ఆ నీటిలో మొక్కలు, మన్ను, కోట్ల సూక్ష్మజీవులు. ఎండాకాలంలో గుంటలో చిక్కుకుంటే వాన వచ్చేదాకా ఎట్లాగో ప్రాణం నిలుపుకుంటుంది. కరువులో మనిషి ఎట్లా బతికాడో చూసి, అదే అతని మామూలు భోజనం అని తీర్మానించే న్యాయం ఎక్కడైనా ఉంటుందా? కరువు చూసిన సీమవాళ్లం, ఆ తేడా మనకు ఒకరు చెప్పాలా?

ఇక మా ప్రాంతపు నీళ్ల సంగతి. అవుకు, కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల అంతా నాపరాయి నేల. ఇళ్లలో బండలు పరచుకునేది ఆ రాయే, బెలూం గుహలు ఏర్పడింది సున్నపురాతిలోనే. అటువంటి నేలలోంచి వచ్చే బోరు నీళ్లు గట్టివి. కాచిన గిన్నెకు తెల్లగా పట్టే పొరే సాక్ష్యం. గట్టినీళ్లకు ఫైటర్ చేప అలవాటు పడగలదు, అది పెద్ద సమస్య కాదు. సమస్య క్షార గుణం. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయనిది, ఇంకోటి విషం. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేవి నీటి పీహెచ్, వేడి. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విష రూపం ఒక శాతం కన్నా తక్కువ. పీహెచ్ 8కి పోతే అది ఐదు శాతం దాటుతుంది. నీళ్లు 30 డిగ్రీలకు వేడెక్కితే ఏడు శాతం పైమాటే. అంటే అదే సీసా, అదే చేప, అదే తిండి. క్షారం ఎక్కువున్న నీళ్లలో, ఏప్రిల్ ఎండల్లో, విషం ఎన్నో రెట్లు. దానికి రంగూ లేదు. నీళ్లు తేటగా కనిపిస్తూనే ఉంటాయి.

గట్టినీళ్లు మంచివి కావని కొందరు క్యాన్ నీళ్లు పోస్తారు. ఊరూరా వెలసిన ఆర్వో ప్లాంట్ల నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. మొన్నటిదాకా బోరు నీళ్లలో ఉన్న చేపను ఒక్కసారిగా అందులో వేస్తే దాని ఒంట్లోని ఉప్పు, నీటి లెక్క తారుమారవుతుంది. ఇంకొందరు పంచాయతీ కుళాయి నీళ్లు పట్టిన వెంటనే పోస్తారు. ట్యాంకులో కలిపే బ్లీచింగ్ పౌడర్ మనకు క్షేమం, చేప మొప్పలకు కాదు. ఒక రోజంతా వెడల్పు బక్కెట్లో ఆరబెడితే ఆ క్లోరిన్ చాలావరకు పోతుంది. చేపల దుకాణాల్లో దొరికే క్లోరిన్ విరుగుడు మందు చుక్కలు వేస్తే వెంటనే పోతుంది. ఈ చిన్న సంగతి చేపతో పాటు చీటీ మీద రాసిచ్చే అంగడి ఎక్కడన్నా ఉందా?

మనవాళ్లు ఎంతో శ్రద్ధగా చేసే తప్పు ఇంకొకటుంది. వారానికోసారి చేపను గ్లాసులోకి తీసి, సీసా మొత్తం పీచుతో తోమి, గులకరాళ్లు కూడా కడిగి, నీళ్లన్నీ కొత్తవి పోస్తారు. ఇంటి ఇల్లాలికి అంతకన్నా శుభ్రం ఏముంటుంది? కానీ అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే మేలు చేసే బాక్టీరియా ఆ రాళ్ల మీదే, ఫిల్టర్ స్పాంజి మీదే కాపురముంటుంది. అది తొట్టిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తోమిన ప్రతిసారీ మళ్లీ మొదటికి వస్తుంది. సబ్బు నురుగు అంటిందంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇన్ని ఏకమై చేప ఒంటి రక్షణను తినేశాక జబ్బు వస్తుంది. ఏరోమోనాస్ వంటి బాక్టీరియా నీళ్లలో ఎప్పుడూ ఉండేవే. బలహీనపడ్డ చేప మీద అవి గెలుస్తాయి. రెక్కలు అంచుల నుంచి కుళ్లుతాయి. పరాన్నజీవులు సోకితే ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు లేస్తాయి, లేదా బంగారు పొడి చల్లినట్టు వెల్వెట్ జబ్బు పట్టుకుంటుంది. మూత్రపిండాలు దెబ్బతింటే కడుపు ఉబ్బి, పొలుసులు పైకి లేచి నిలబడతాయి. దాన్ని డ్రాప్సీ అంటారు. అక్కడిదాకా వచ్చిన చేప తిరిగి కోలుకోవడం అరుదు. చేప తన జబ్బును బయటపెట్టదు. నీళ్లలో బలహీనత చూపించిన జీవి ఇంకొకదాని నోట్లో పడుతుంది, కనుక చివరిదాకా మామూలుగానే ఈదుతుంది. మనకు కనిపించేది చివరి అంకం మాత్రమే. ఆ అంకాన్ని చూసి ఉన్నట్టుండి అంటున్నాం.

ఇంత సైన్సు పిల్లల చేపకు అవసరమా అని అడిగేవాళ్లను కైకలూరుకో భీమవరానికో రమ్మంటాను. దేశంలో చేపల ఉత్పత్తిలో మొదటి స్థానం మన రాష్ట్రానిది. అక్కడ చెరువులో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే, ఏ రైతూ దిష్టి తగిలిందని ఊరుకోడు. ఏరేటర్ వేస్తాడు. నీళ్లు పరీక్ష చేయిస్తాడు, పీహెచ్ చూస్తాడు, అమ్మోనియా ఎంతుందో చూస్తాడు, మేత ఆపేస్తాడు. చేప జబ్బంటే ముందు నీళ్ల జబ్బేనని ఆ రైతుకు తెలుసు. లక్షలు పెట్టిన చెరువు దగ్గర మనకున్న ఈ తెలివి, వందకో రెండొందలకో కొన్న చేప దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మాయమవుతోంది? ప్రాణం విలువ కొన్న ధరను బట్టి కట్టడం వల్లే.

దిష్టి మాట మన సంప్రదాయమే కదా అంటారు. గుమ్మడికాయ కట్టడం, నిమ్మకాయ మిరపకాయలు వేలాడదీయడం మన అలవాటే. కానీ ఇంట్లో చేపల తొట్టి పెడితే చెడు పోతుంది, చేప చస్తే మన కీడు అది మోసిందనే నమ్మకం చైనావాళ్ల ఫెంగ్ షూయిలో ఉన్నది. ఎనిమిది ఎర్ర చేపలు, ఒక నల్ల చేప అనే లెక్క అక్కడిదే. వాస్తు పేరుతో అది మన ఇళ్లలోకి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందన్నది కూడా నాకు ముఖ్యం కాదు. గుమ్మడికాయకు నొప్పి లేదు. చేపకు ఉంది. రెయిన్‌బో ట్రౌట్ చేపల ముఖంలో నొప్పిని గుర్తించే నాడులున్నాయని, నొప్పి కలిగించినప్పుడు అవి ప్రవర్తన మార్చుకుంటాయని 2003లో లిన్ స్నెడ్డన్ బృందం చూపించింది. ప్రాణమున్న జీవిని దిష్టిబొమ్మను చేసి, అది చావడమే దాని పని అనుకున్న ఇంట్లో నీళ్లు సరిచేసేదెవరు?

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ మాట పిల్లవాడి మనసులో చేసే పని. "నీకు రావాల్సిన కీడు అది తీసుకుంది" అని ఏడెనిమిదేళ్ల బిడ్డకు చెబితే వాడికి ఏం అర్థమవుతుంది? నా మీదికి ఏదో రాబోయింది. నా బదులు నా చేప చచ్చింది. ఓదార్పు అనుకొని మనం వాడి నెత్తిన ఒక భయం, ఒక రుణం పెట్టాం. రాత్రి లేచి "మళ్లీ వస్తుందా అమ్మా?" అని అడిగే పిల్లలుంటారు. అడగకుండా లోపలే పెట్టుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. పైగా చావంటే ఏమిటో, తిరిగి రాకపోవడమంటే ఏమిటో ఆ వయసులోనే పిల్లలు గ్రహించడం మొదలుపెడతారు. చాలామందికి మొదటి పాఠం ఇట్లాంటి చిన్న ప్రాణం దగ్గరే. ఆ పాఠాన్ని అబద్ధంతో మొదలుపెట్టకూడదు.

"ఇంకోటి తెచ్చుకుందాం" కూడా అంతే. జేజి పోతే ఇంకో జేజిని తెస్తామా అని పిల్లవాడు అడిగితే మన దగ్గర జవాబు ఉండదు.

"రిజర్వాయరు చేపల పులుసు చప్పరిస్తూ తినేవాళ్లు సీసాలో చేపకు ఏడవడమేంది?" అనే ఎత్తిపొడుపు కూడా విన్నాను. అవుకు రిజర్వాయరు ఒడ్డున ఉన్నాం, బొచ్చె, రోహు ఇక్కడ అందరి ఇళ్లలోనూ వండుతారు. నేను దాన్ని తప్పనడం లేదు. మన రైతు మాంసం తింటాడు, కానీ పన్నెండేళ్లు తనతో మడక దున్నిన ఎద్దు చచ్చిపోతే పసుపు కుంకుమ పెట్టి, కొత్తగుడ్డ కప్పి, తన పొలంలోనే పూడ్చి, రెండు పూటలు అన్నం ముట్టడు. వాణ్ని చూసి ఎవరైనా నవ్వారా? పేరు పెట్టి పిలిచిన ప్రాణానికీ, సంతలో తూకం వేసిన దానికీ మనసులో ఉన్న తేడా పల్లెకు కొత్త కాదు. ఎద్దుకు ఇచ్చిన మర్యాద పిల్లవాడి చేపకు ఇవ్వడానికి మనకు అడ్డమొస్తున్నది దాని సైజు ఒక్కటే. చుట్టూ ఉన్నవాళ్లు దుఃఖమని ఒప్పుకోని దుఃఖం మనిషిని ఇంకా ఒంటరిని చేస్తుందని అమెరికాలో కెన్నెత్ డోకా 1989లోనే రాశాడు. ఏడుపు తప్పు కాదు. దాన్ని దాచుకోవాల్సి రావడమే బాధ.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పదు. నీళ్లే కారణమైతే చేపను చంపింది మేమేనా? తల్లులు అడుగుతారు, పిల్లలైతే సూటిగా అడుగుతారు. నేనిచ్చే జవాబు ఇది: కారణం తెలుసుకోవడం వేరు, నేరం మోపుకోవడం వేరు. సీసా చాలని చెప్పి అమ్మినవాడు ఉన్నాడు. చెప్పాల్సింది ఎవరూ చెప్పలేదు. అదీగాక అన్ని చావులూ నీళ్ల వల్లే రావు. ఫైటర్ చేప ఆయుష్షు మామూలుగా రెండు నుంచి నాలుగేళ్లు. అంగడికి వచ్చేసరికే చాలావాటికి ఆరు నెలల నుంచి ఏడాది వయసు. రెక్కలు పొడుగు పెరగాలని తరతరాలుగా ఎంపిక చేసి పెంచడం వల్ల కొన్ని పుట్టుకతోనే నీరసంగా ఉంటాయి. అన్నీ సరిగ్గా చేసినా పోయే చేప ఉంటుంది. పిల్లవాడితో "నీళ్లు దానికి సరిపడలేదు, మనకు తెలియలేదు, ఇప్పుడు తెలిసింది" అని చెప్పండి. ఆ మూడు మాటల్లో భయమూ లేదు, అబద్ధమూ లేదు.

జబ్బు పడిన రోజున చేయగలిగిందీ ఉంది. ముందు తిండి ఆపాలి. బొరుగులు, బ్రెడ్డు ముక్కలు వేసే అలవాటుంటే ఎప్పటికీ మానాలి. ఆరబెట్టిన నీళ్లు, పాత నీళ్లంత వేడిగానే ఉన్నవి, పావు వంతో మూడో వంతో మార్చాలి. మొత్తం మార్చకూడదు. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండేట్టు చూడాలి. మే నెల మధ్యాహ్నం కిటికీ పక్కన సీసా, జనవరి రాత్రి చల్లటి నాపబండ మీద సీసా, రెండూ దానికి శిక్షలే. నీళ్లు పైదాకా నింపకూడదు, మూత బిగించకూడదు. పైన గాలి అందాలి. వెలుతురు తగ్గించి కదపకుండా ఉంచాలి. ఇంట్లో మిగిలిన టెట్రాసైక్లిన్ గుళికలు విప్పి పోయడం మాత్రం వద్దు. జబ్బు ఏదో తెలియకుండా వేసిన యాంటీబయాటిక్ మేలు చేసే బాక్టీరియాను చంపి, చెడుదానికి మందును తట్టుకునే బలమిస్తుంది. 1962కు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య వాహనం గొడ్లకూ గొర్రెలకూ. మండలంలో చేపకు వైద్యం చేసేవాళ్లు దొరకడం కష్టం. అందుకే నీళ్లు సరిచేయడమే మన చేతిలోని మొదటి మందు.

కోలుకోదని తేలిపోయి, బాధ చూడలేని స్థితి వస్తే డ్రైనేజీలో పారేయడం, ఫ్రిజ్‌లో పెట్టడం క్రూరం. లవంగ నూనెలోని యూజినాల్ చేపను మత్తులోకి తీసుకెళ్లి నొప్పి లేకుండా ప్రాణం పోనిస్తుంది. పశువైద్యులు అంగీకరించిన పద్ధతే. మోతాదు వాళ్లను అడిగి చేయాలి. చేతికి గాయం ఉంటే జబ్బు చేప ఉన్న తొట్టిలో చేయి పెట్టకండి. చేపలకు వచ్చే ఒక రకం మైకోబాక్టీరియా మనిషి చర్మానికీ అంటుతుంది.

పోయిన చేపను పెరట్లో మట్టిలో పూడ్చండి, పిల్లవాణ్ని పక్కన నిలబెట్టుకొని. వాడు పూలు వేస్తానంటే వేయనివ్వండి. కాలువలో, రిజర్వాయర్లో వేయకండి. పెంచడం విసుగొచ్చి బతికున్న చేపను వదలడం ఇంకా తప్పు. తొట్టి చేపలుగా వచ్చిన సక్కర్ చేపలు, జాలరులు దెయ్యం చేపలనేవి, మన నదుల్లోకి చేరి వలలు చించుతున్నాయి. అవుకు నీళ్లు అవుకులో ఆగవు. గోరకల్లు నుంచి వచ్చి గండికోట దాకా పోతాయి.

చట్టం మాట కూడా చెప్పాలి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం జంతువంటే మనిషి తప్ప ప్రాణమున్న ఏ జీవి అయినా అని నిర్వచించింది. కదలడానికి తగినంత చోటు లేని పంజరంలోనో పాత్రలోనో జీవిని బంధించడం ఆ చట్టం ప్రకారం నేరం. అరచేతిలో పట్టే గ్లాసులో, వారాల తరబడి, అంగడి అరల మీద వరసగా పేర్చిన ఫైటర్ చేపలు ఆ నిర్వచనంలోకి రావని ఎవరైనా వాదించగలరా? అమ్మేవాళ్లకు నా విన్నపం: గ్లాసుతో పాటు నాలుగు వాక్యాల చీటీ ఇవ్వండి. కనీసం 15, 20 లీటర్ల తొట్టి, ఆరబెట్టిన నీళ్లు, చిన్న స్పాంజి ఫిల్టర్, రోజుకు రెండు మూడు గింజలు. తొట్టి లేని ఇంటికి చేప అమ్మకండి.

తల్లిదండ్రులకు: చేప పోయిన వారంలోనే నంద్యాల బస్సెక్కకండి. ఇంకో చేప కావాలని పిల్లవాడు తనంతట తాను అడిగితే, ముందు తొట్టి కొనండి, ఫిల్టర్ పెట్టండి, నీళ్లు కుదురుకోవడానికి ఆరు వారాలు ఆగండి. ఆ తర్వాతే చేపను తీసుకురండి.